నూనె పైపుకి తొమ్మిది చుట్లు

నూకరాజు కుడిచేతి చిటికెన వేలు, దాని పక్కనున్న ఉంగరం వేలు మొద్దుబారి మూడేళ్లయింది. ఈ సంగతి భిలాయి పక్కన రిసాలిలోని ఇంట్లో ఆయన భార్య రజనీకుమారికి తెలుసు, ఇంకెవరికీ తెలియదు. తెలిస్తే స్టీలు ప్లాంటు గేట్ పాస్ పోతుంది. పాస్ పోతే పని పోతుంది. అంతకు మించి ఇందులో రహస్యం ఏమీ లేదు.

వేళ్లు ఒక్కరోజులో మొద్దుబారలేదు. ఆయన ఇరవై ఏళ్లు బ్రేకర్ పట్టుకున్నాడు. కాంక్రీటును దడదడా పొడిచి పగలగొట్టే యంత్రం అది. మొదట్లో చలికాలం పొద్దున్నే ఆ రెండు వేళ్లూ తెల్లబడేవి. తరవాత తిమ్మిరెక్కేవి. తరవాత తిమ్మిరి కూడా పోయింది. టీ గ్లాసు పట్టుకుంటే మూడు వేళ్లకు వేడి తెలుస్తుంది, రెండింటికి తెలియదు. అన్నం కలిపేటప్పుడు ఆ రెండూ ఎవరివో అయినట్టు పక్కన వేలాడుతుంటాయి.

వాళ్ల నాన్న బొబ్బిలి దగ్గర్నుంచి వచ్చి స్టీలు ప్లాంటులో పర్మనెంటు అయ్యాడు. సెక్టర్ 4లో క్వార్టరు, ముందు రెండు బొప్పాయి చెట్లు. పర్మనెంటు అనేది మా ఊళ్లో ఉద్యోగం పేరు కాదు, కులం పేరు. తండ్రి నుంచి కొడుక్కి రాదు, అదొక్కటే తేడా. నూకరాజు సెక్టర్ 4 బడిలో పదో తరగతి దాకా చదివి, అదే ఊళ్లో ఠేకా కూలీ, అంటే కాంట్రాక్టు కూలీ అయ్యాడు. తండ్రి రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి సామాను రిసాలికి మోసింది కూడా ఆయనే. దాని గురించి ఎప్పుడూ ఏమీ అనలేదు. నాకు వచ్చే కోపంలో సగం కూడా ఆయనకు రాలేదు.

ఆరేళ్ల కింద ఠేకేదారు ఒక రంపం కొన్నాడు. చూడ్డానికి చెట్లు కోసే చైన్ రంపంలాగే ఉంటుంది, కోసేది మాత్రం కాంక్రీటుని. దాని గొలుసుకు పళ్లుండవు. పళ్ల బదులు వజ్రపు పొడి కలిపిన చిన్న చిన్న దిమ్మలుంటాయి. అవి కొరకవు, అరగదీస్తాయి. రంపంలో ఇంజను ఉండదు. దూరంగా నిలబెట్టిన పవర్ ప్యాక్ నుంచి రెండు నూనె పైపులు వస్తాయి. ఒకదాంట్లో నూనె తోసుకొచ్చి గొలుసును తిప్పుతుంది, రెండోదాంట్లో వెనక్కి వెళుతుంది. ఇంకో సన్నపైపులో నీళ్లు. నీళ్లు లేకుండా తిప్పితే గొలుసు నిమిషంలో కాలి పాడైపోతుంది, లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లో గడ్డకడుతుంది.

ఆ రంపం ఎవరికివ్వాలా అని చూస్తే, బ్రేకర్ మనుషుల్లో తాగనివాడు నూకరాజు ఒక్కడే. అలా ఆపరేటర్ అయ్యాడు.

ఆయన దాన్ని నడిపే తీరు చూసి జనం నవ్వేవారు. పొద్దున్నే పవర్ ప్యాక్ ఆపి ఉండగానే గొలుసును చేత్తో లాగి చూసేవాడు. అది తిరిగే ఇనుప పట్టీ, అదే బార్, దాని చుట్టూ సులువుగా జారాలి, కింద వేలాడకూడదు. వదులైతే బిగించేవాడు. గొలుసు తెగితే ముక్క ఆ వరసలోనే ఎగురుతుంది కాబట్టి బార్‌కు ఎదురుగా నిలబడేవాడు కాదు, ఎవర్నీ నిలబడనిచ్చేవాడు కాదు. పని అయ్యాక రంపాన్ని మంచినీళ్లలో కాసేపు ఉత్తినే తిప్పి, లోపల చేరిన సిమెంటు బురద కడిగి, తుడిచి, పల్చని నూనె రాసి పెట్టెలో పడుకోబెట్టేవాడు.

"పెల్లికూతురికి కూడా ఇంత సేవ సెయ్యరు భయ్యా," అనేవాడు మనోజ్‌కుమార్. పవర్ ప్యాక్ చూసేది అతనే. ముప్ఫై అయిదేళ్ల హిందీవాడు, ఇక్కడే పుట్టాడు, తిట్లు మాత్రం తెలుగులో తిడతాడు.

"పెల్లికూతురు అలిగితే పుట్టింటికెల్తాది. ఇది అలిగితే నువ్వెల్తావు సెక్టర్ తొమ్మిది ఆస్పత్రికి," అనేవాడు నూకరాజు.

నూనె పైపుల సంగతి ఆయన అందరికీ ఒక్కటే చెప్పేవాడు: చేత్తో తడమొద్దు. లోపల నూట యాభై బార్ ఒత్తిడి, లారీ టైరులో గాలికి దాదాపు ఇరవై రెట్లు. సూది బెజ్జమంత చిల్లు పడినా అందులోంచి వచ్చే నూనె చేతి తొడుగునూ చర్మాన్నీ దాటి లోపలికి పోతుంది. పైకి చుక్కలా కనబడుతుంది, లోపల కండ కుళ్లుతుంది. ఆరు గంటల్లో కోసి కడగకపోతే వేలు పోతుంది, ఒక్కోసారి చెయ్యే పోతుంది. రంపంతో వచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉన్నా, అందులో చెయ్యి బొమ్మ, చేతిలోకి దూరుతున్న గీత ఆయనకు అర్థమయ్యాయి. మిగిలింది డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాడు. అప్పట్నుంచి రోజూ పొద్దున్నే బిస్కట్ల అట్టపెట్టె ముక్క ఒకటి పైపుల వెంట జరుపుతూ చూసేవాడు. అట్ట మీద తడి పడితే లీకున్నట్టు.

బెత్తెడు పైపు మాత్రం ఆయన చూసేవాడు కాదు.

ప్రతి సెప్టెంబరు పదిహేడున విశ్వకర్మ పూజ. ఆ రోజు భిలాయిలో యంత్రాలకు పని ఉండదు, పూజయ్యాక ఒక్కసారి తిప్పి ఆపేస్తారు. అన్నిటికీ పసుపు, బొట్టు, పూలు, ఎర్రదారం. రంపానికి దారం కట్టేది నూకరాజే. కానీ ఎక్కడ కడతాడు? బార్‌కు కడితే గొలుసు తినేస్తుంది. ముందు పిడికి కడితే చెయ్యి జారుతుంది. అందుకని వెనక పిడి పక్కనుంచి బయటికొచ్చే నూనె పైపుకు తొమ్మిది చుట్లు చుట్టి ముడేసేవాడు. కట్టిన దారం దానంతటది ఊడిపోవాలి తప్ప కోయకూడదు. అది ఊడేలోపల మళ్లీ సెప్టెంబరు వచ్చేది. పాత చుట్ల మీదే కొత్త చుట్లు. ఆరేళ్లలో అక్కడ పిడికిలంత ముద్ద తయారైంది. దాని మీద సిమెంటు బురద పడి, ఎండి, మళ్లీ తడిసి, ఎరుపు పోయి బూడిదరంగు గట్టి కట్టులా మారింది. అట్టముక్క అక్కడిదాకా వచ్చి, దాన్ని దాటి, అవతల మొదలయ్యేది. దేవుడు చూసుకునే చోట మనిషి చూడ్డం ఎందుకని అనుకున్నాడేమో. అడిగితే అలా అని కూడా అనలేదు. "అక్కడ దారం ఉంది కదా," అన్నాడు.

ఇక మెడికల్ సంగతి. పాస్ మళ్లీ రాయించుకోవాలంటే ఏడాదికోసారి పరీక్ష. కళ్లు, చెవులు, బీపీ, చివర్న చేతులు. కళ్లు మూసుకోమని కాంపౌండరు మొద్దు సూదితో ఒక్కో వేలూ ముట్టుకుని, తెలిసినప్పుడల్లా "హా" అనమంటాడు. బొటనవేలితో మొదలుపెట్టి వరసగా చిటికెన వేలి దాకా వస్తాడు. ఎప్పుడూ అదే వరస, అదే వేగం. నూకరాజు మూడేళ్లూ మూడు వేళ్లకు నిజం చెప్పి, రెండు వేళ్లకు లెక్కపెట్టి హా అన్నాడు.

నాలుగోసారి మెడికల్ ఆ సోమవారం ఉందనగా, గురువారం నాడు ఇది జరిగింది.

జాముల్ వైపు ఒక పాత పంప్‌హౌస్. అడుగున్నర మందం కాంక్రీటు గోడకు కిటికీ అంత కన్నం కోయాలి, కొత్త గొట్టం దూర్చడానికి. జూలై వాన. సూపర్‌వైజరు సత్యప్రసాద్ గొడుగు కింద నిలబడి ఫోనులో టైము చూసుకుంటున్నాడు.

"నూకరాజూ, పక్కలు ముందు కోసెయ్. నిలువు కోత తొందరగా అయిపోద్ది కదా."

"ముందు కింద కోత బాబూ. తరవాత పైన. పక్కలు ఆకర్న."

"ఏదైతే ఏటి? నాలుగూ కొయ్యాల్సిందే కదా?"

"కింద ఆకర్న కోస్తే దిమ్మ బరువంతా బార్ మీద కూకుంటాది. అప్పుడు రంపం రాదు. మీ గొడుగు కర్ర ఎట్టి లాగుదుమా?"

మనోజ్ పగలబడి నవ్వాడు. సత్యప్రసాద్ నవ్వలేదు.

కింద కోత అయింది. దిమ్మ దిగకుండా కోతలో చెక్కముక్కలు దిగ్గొట్టాడు. పై కోత సగంలో ఉండగా మనోజ్ చెయ్యెత్తి ఊపాడు. నూకరాజు ట్రిగ్గర్ వదిలాడు. గొలుసు ఆగింది. మనోజ్ పవర్ ప్యాక్ ఆపేశాడు.

"భయ్యా, నీ కాల్ల దగ్గర పానీ చూడు."

బురదనీళ్ల మీద రంగులు. నెమలిపింఛంలా నూనె పొర పరుచుకుని ఉంది. పవర్ ప్యాక్ ట్యాంకులో నూనె గీత కూడా రెండు వేళ్లు దిగింది.

నూకరాజు రంపం కింద పెట్టి అట్టముక్క తీశాడు. పవర్ ప్యాక్ దగ్గర్నుంచి మొదలెట్టి, మనోజ్‌తో ఒక్క క్షణం నడిపించి ఆపిస్తూ, మూర మూర చొప్పున చూసుకుంటూ వచ్చాడు. అట్ట పొడిగానే ఉంది. దారం ముద్ద దగ్గరికి వచ్చేసరికి అట్ట మీద సన్నని గీతలా తడి పడింది.

ఇద్దరూ ఆ ముద్దను చూశారు.

పవర్ ప్యాక్ పూర్తిగా ఆపించి, పైపులో ఒత్తిడి దిగేదాకా ఆగి, నూకరాజు జేబులోంచి చాకు తీశాడు.

"అరే, కాటో మత్ భయ్యా! పూజ దారం," అన్నాడు మనోజ్.

"తెల్సు. కట్టినోన్నే నేను."

కోశాడు. పై పొరలు పెంకుల్లా ఊడాయి. లోపలి పొరలు నూనెలో నాని మెత్తగా, ఇంకా ఎర్రగా ఉన్నాయి. వాటి కింద పైపు రబ్బరు ఉబ్బి చీలింది. చీలికలో కనిపించిన ఇనుప అల్లిక తుప్పు పట్టి బెల్లంపొడిలా రాలింది. దారం ఆరేళ్లు తడిని పట్టుకుని ఉంది. పైపంతా బాగుంది, దారం కట్టిన చోట తప్ప.

అప్పుడు కుడిచేతి తొడుగు విప్పాడు. తొడుగు లోపల చిటికెన వేలి వైపు నూనె తడి. వేలి పక్కన, మొదటి కణుపు దగ్గర, ఆవగింజంత చుక్క. రక్తం లేదు.

"నొప్పుందా?" అన్నాడు మనోజ్.

నూకరాజు వేలిని వెలుగులోకి తిప్పి చూశాడు. అదే వేలు, వెనక పిడి మీద ఆ ముద్ద పక్కనే ఉండే వేలు. మరొకరైతే ఈపాటికి గెంతేవాడు. ఎప్పుడు దూరిందో కూడా ఆయనకు తెలియదు. కింద కోతలోనా, పై కోతలోనా, గంట కిందా, పది నిమిషాల కిందా.

సత్యప్రసాద్ వచ్చి చూశాడు. "దీనికేటి, చిన్న గుచ్చుడు. టెటనస్ ఇంజెక్షన్ చేయించుకో, సాయంత్రం. పైపు మార్చి మిగిలింది కోసెయ్. ప్రమాదం అని రాస్తే పై నుంచి మనుషులొస్తారు, నాలుగు రోజులు పని ఆగిపోద్ది. నీకూ సోమవారం మెడికల్ ఉంది కదా?"

ఉంది. ఆస్పత్రికి వెళితే ఎక్కడ గుచ్చుకుంది, ఎప్పుడు తెలిసింది, నొప్పి ఎంత అని అడుగుతారు. తెలియలేదు అంటే ఎందుకు తెలియలేదు అంటారు. వెళ్లకపోతే చెయ్యి. ఇరవై మందికి ఆరు గంటలు అని చెప్పినవాడు ఆ రోజు పన్నెండింటికి రేకుల కింద బస్తా మీద కూర్చుని తన గంటలు లెక్కపెట్టుకున్నాడు.

చేతకానివాడిలా కూర్చోలేదు. కోసిన దారంలో మెత్తటి ముక్క ఒకటి తీసి, ఎడమచేత్తో, పళ్లతో సాయం పట్టి, చిటికెన వేలి చుట్టూ సరిపోయేలా ఉంగరంలా ముడేశాడు. తీసి జేబులో పెట్టుకున్నాడు. మనోజ్ డబ్బా విప్పి పరాటా పెట్టాడు. తిన్నాడు.

"ఏటి సేస్తన్నావ్ భయ్యా?"

"వాస్తే వేలికి తెలీదురా. దారానికి తెలుస్తాది."

ఒంటిగంటకు ఆ ఉంగరం మొదటి కణుపు దాటలేదు. నెట్టి చూశాడు. మళ్లీ నెట్టాడు. తరవాత దారాన్ని, తడిసిన అట్టముక్కను ప్లాస్టిక్ కవరులో వేసుకుని లేచాడు.

"బండి తియ్యి మనోజూ. ఆస్పత్రికి."

సత్యప్రసాద్ కూడా వెనకాలే తన బండి మీద వచ్చాడు. సాయానికో, కాపలాకో తెలియదు.

ఆస్పత్రిలో మొదటి అరగంట డ్రెస్సింగ్ బల్ల దగ్గరే గడిచింది. నర్సు చుక్కను చూసి పత్తి, మందు తీసింది. నూకరాజు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "కట్టు కాదమ్మా. కోసేవోలిని పిలండి," అన్నాడు. అట్టముక్క చూపించాడు. పిచ్చివాడనుకున్నారు. మూడుసార్లు చెప్పాక సర్జన్ వచ్చింది. డాక్టర్ ఛాయ, తెలుగావిడే, ఇక్కడ పుట్టింది కాబట్టి తెలుగును హిందీలా పలుకుతుంది. అట్టను వాసన చూసింది. ముఖం మారింది.

"ఎంత ప్రెషర్?"

"నూట యాభై బార్ మేడమ్."

"ఎన్ని గంటలైంది?"

"తెలీదు. పొద్దున పదకొండు కొట్టకముందే."

ఆవిడ కళ్లు మూసుకోమంది. సూదితో ముట్టుకుంది. వరసగా కాదు. చూపుడు వేలు, మళ్లీ చూపుడు వేలు, తరవాత ఏదో, తరవాత బొటనవేలు. లెక్క పనికిరాలేదు. ఆయన కళ్లు తెరిచాడు.

"చిటికెన వేలు, ఉంగరం వేలు, రెండింటికీ తెలియట్లేదు," అంది ఆవిడ. "ఇది ఇవాళ వచ్చిందా, పాతదా? సోచ్ కే, ఆలోచించి చెప్పండి. ఇవాళ వచ్చిందంటే నూనె అరచేతి నరం దాకా వెళ్లినట్టు. మణికట్టు వరకు తెరుస్తాను. పాతదైతే వేలితో మొదలుపెట్టి, ఎక్కడిదాకా ఉందో అక్కడ ఆపుతాను."

సత్యప్రసాద్ బల్ల పక్కనే నిలబడి ఉన్నాడు. మనోజ్ గుమ్మం దగ్గర.

ఇవాళే అంటే సరిపోయేది. ప్రమాదంలో వేళ్లు మొద్దుబారాయని రాసేవారు. మూడేళ్ల అబద్ధం అందులో కలిసిపోయేది. నూకరాజు గోడ గడియారం చూశాడు. రెండుంబావు.

"మూడేల్లయింది," అన్నాడు.

"మరి ఏటా మెడికల్‌లో ఎలా పాసయ్యారు?"

"వరసగా ముట్టుకుంటారమ్మా. లెక్కెట్టేసినాను."

ఆవిడ అంతా కాగితం మీద రాసింది. సత్యప్రసాద్ ఆ కాగితాన్ని చూస్తూ, "ఆ మాట ఇక్కడ చెప్పక్కర్లేదు కదా," అన్నాడు తగ్గు గొంతుతో.

"సెయ్యి నాది బాబూ," అన్నాడు నూకరాజు.

వేలు తెరిస్తే నూనె అరచేతి మొదలు దాకా ఉంది, అక్కడ ఆగింది. కడిగారు. రెండు రోజుల తరవాత మళ్లీ తెరిచి కడిగారు. అయిదో రోజు, సోమవారం, మెడికల్ ఉన్న రోజే, చిటికెన వేలు రెండో కణుపు పైన తీసేశారు. ఉంగరం వేలు ఉంది, ఎప్పటిలాగే ఏమీ తెలియకుండా. మిగిలిన చెయ్యి చెయ్యిగానే ఉంది. ఇంకో రెండు గంటలు ఆగి ఉంటే ఏమయ్యేదో డాక్టరమ్మ చెప్పింది. ఆయన తల ఊపాడు.

రజనీకుమారి ఆస్పత్రిలో ఏడవలేదు. ఇంటికొచ్చాక కట్టు చూసి, "పోనీలే, అది ఎలాగూ మనది కాదు," అంది. అందాక ఏడ్చింది.

పాస్ రాలేదు. అదిరే పనిముట్లు పట్టడానికి పనికిరాడు అని ఒక్క వాక్యం రాసి పంపారు. ఇన్నేళ్ల పనికి అదొక్కటే ఆయన గురించి ప్లాంటువాళ్లు రాసిన వాక్యం. ఇప్పుడు ఒక టైల్స్ గోదాములో పగటి కాపలా ఉంటున్నాడు. కుర్చీ ఇచ్చారు. వచ్చిన లారీ నంబర్లు ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నాడు. రంపం మనోజ్ చేతికి వెళ్లింది.

ఈ సెప్టెంబరు పదిహేడున పొద్దున పది గంటలకు గోదాములో ఫోను మోగింది. అవతల మనోజ్, వెనక గంట, కొబ్బరికాయ కొట్టిన చప్పుడు.

"భయ్యా, పూజ ధాగా తెచ్చినారు. ఎక్కడ కట్టమంటావు? అందరూ పైపు పైపు అంటన్నారు."

"పైపుకొద్దు."

"మరి?"

"పెట్టికి కట్టు."

"పెట్టె మొన్ననే విరిగిపోయింది. కొత్తది ఆర్డర్ పెట్టినారంట."

గేటు దగ్గర లారీ హారను కొట్టింది.

"అయితే కట్టకు," అన్నాడు.

"అలాగెలా భయ్యా? ఒట్టినే ఎలా తిప్పుతాం? ఏడాదికోపాలి పండగ."

"ఒట్టినే తిప్పు. కట్టకపోతే ఏటైనా అయితే నేను పూచీ. గొలుసు సూసినావా?"

"సూసినాను."

"అట్టముక్క?"

"మొత్తం పైపు సూసినాను. ఇప్పుడు మొత్తం కనబడతాది కదా."

"నీల్లు తెరిసినావా?"

"ఆగు, తెరుస్తన్నా."

నూకరాజు ఫోనును కుడిచేతి నుంచి ఎడమచేతికి మార్చుకున్నాడు. అవతల ఎవరో, దారం కట్టకుండానే పూజేటి అని గొణిగారు. తరవాత నీళ్ల చప్పుడు వచ్చింది, సన్నగా. ఆ తరవాత గొలుసు. రెండూ ఆ వరసలోనే వచ్చాయి. అది విని ఫోను పెట్టేసి, లారీకి గేటు తీయడానికి లేచాడు.